తీగనుండి రైలునకు విద్యుత్తు

విద్యార్థులారా! మన కవరైపేట్టై స్టేషనులో పట్టాలకుపైన కట్టబడిన రాగితీగను మీరు చూచియుందురు. దానియందు 25,000 వోల్టుల విద్యుత్తు గలదు. రైలు నెత్తిమీది పాంటోగ్రాఫు అను చట్రము పైకి లేచి, తన బొగ్గుపలకను తీగకు ఒరయించుచు విద్యుత్తును గ్రహించును. తీగ తిన్నగా నుండక, ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు జరుగుచు సాగును. లేనిచో పలక ఒకేచోట అరిగిపోవును. విద్యుత్తు ట్రాన్స్‌ఫార్మరునందు వోల్టేజి తగ్గి మోటార్లను త్రిప్పును. తుదకు చక్రములద్వారా పట్టాలలోనికి దిగి సబ్‌స్టేషనునకు మరలును.

తీగపై వ్రాలిన కాకి బ్రతుకుటను చూచి మోసపోకుడు. అది తీగను మాత్రమే తాకును. పెట్టెపైకెక్కినవాని దేహము తీగకును పట్టాలకును నడుమ దారి యగును. తాకకున్నను, చేరువైనంతనే విద్యుత్తు దుముకును. తీగకు చిక్కిన గాలిపటమును విడిచిపెట్టుడు. ప్రాణము దానికంటె మిన్న.