స్పెయిన్ ఇంట్లో తొలి వారాలు: వెళ్లేముందు ఇక్కడ ఏం నేర్చుకోవాలి?

సంజామల, కోయిలకుంట్ల వైపు డిగ్రీ చదివే పిల్లలు జర్మన్ నేర్చుకుంటామంటే ఇంట్లో సరే అంటారు. స్పానిష్ అనేసరికి ‘దాంతో ఏం పని?’ అని అడుగుతారు. పని మన పక్క జిల్లాలోనే కనబడుతుంది. బార్సిలోనాలో పుట్టిన విసెంటె ఫెర్రర్ 1969లో అనంతపురంలో సేవాసంస్థ ఆర్‌డీటీని మొదలుపెట్టారు. ఆ తర్వాతి కాలంలో స్పెయిన్ కుటుంబాలు సీమ పల్లెల్లోని పిల్లలకు స్పాన్సర్లుగా నిలిచాయి. వాళ్ల ఉత్తరాలను అనువదించడానికి, వాళ్లు ఊళ్లకు వచ్చినప్పుడు పక్కనుండి మాట చెప్పడానికి స్పానిష్ వచ్చిన మనవాళ్లు కావలసి వచ్చింది. పల్లెల నుంచి వచ్చిన పట్టభద్రుల కోసం ఆ సంస్థ విదేశీ భాషల స్కూలే పెట్టింది. హైదరాబాద్ సంగతి వేరే చెప్పాలా! అక్కడి మందుల కంపెనీలు లాటిన్ అమెరికాకు సరుకు పంపుతాయి. మెక్సికోకో పెరూకో పోయే మందు లేబులూ, డబ్బాలోని కాగితమూ స్పానిష్‌లోనే ఉండాలి. 20 దేశాలకు అది అధికార భాష. కస్టమర్ సపోర్టు, అనువాదం ఉద్యోగాలు కూడా ఉన్నాయి.

అయితే ‘ఒక్క ముక్క రాకపోయినా ఫర్వాలేదు, స్పెయిన్ వెళ్తే అదే వస్తుంది’ అని చెప్పే ఏజెంట్ల మాట నమ్మొద్దు. అక్షరాలూ అంకెలూ యూరోలు పోసి నేర్చుకోవడం మధ్యతరగతి రైతు ఇంటికి తగని ఖర్చు. ఆ మెట్లు ఇక్కడే ఎక్కాలి. హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ డిగ్రీ, పీజీ చేయొచ్చు. ఢిల్లీ జేఎన్‌యూలో బీఏ ఆనర్స్ ఉంది, దానికి సీయూఈటీ ప్రవేశపరీక్ష రాయాలి. ఢిల్లీలోనే స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ కోర్సులు నడుపుతుంది. ఏ1, ఏ2 అనే తొలి స్థాయిలు దాటి బీ1 దగ్గరికి వచ్చాక స్పెయిన్ వెళ్లి, హాస్టల్లో కాకుండా ఒక కుటుంబంతో ఉంటే, పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం ఉంటుంది.

హోస్ట్ ఫ్యామిలీ ఇంట్లో మొదట దెబ్బతినేది మన కడుపే. మధ్యాహ్నం భోజనం రెండు దాటాక, రాత్రి భోజనం తొమ్మిది దాటాక. సంజామలలో ఆ వేళకు సగం ఊరు పడుకుని ఉంటుంది. ఆకలితో కూర్చున్న మనముందు టీవీ మోగుతుంటుంది. ఇంటావిడ ఏదో అడుగుతుంది, కొడుకు మధ్యలో అందుకుంటాడు, అవ్వ ఇద్దరినీ కాదంటుంది. మనం క్రియను సరిచేసుకుని నోరు తెరిచేలోపు మాట ఫుట్‌బాల్ మీదికి పోయి ఉంటుంది. క్లాసులో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లకే ఇది ఎక్కువ బాధ. తొలి వారం దాదాపు అందరికీ ఇంతే, దీన్ని చూసి ‘నాకు భాష రాదు’ అని తేల్చేసుకోవద్దు. భోజనమయ్యాక గదిలోకి పోకుండా ప్లేట్లు తీసి వంటింట్లోకి వెళ్లండి. అక్కడ ఒక్కరే ఉంటారు, నిదానంగా మాట్లాడతారు. గరిటె, గిన్నె, నూనె కళ్లముందే ఉంటాయి కాబట్టి అర్థం తెలియకపోయినా ఊహించుకోవచ్చు. నా ఉద్దేశంలో స్పానిష్ మాట్లాడటం మొదలయ్యేది ఆ సింకు దగ్గరే.

తిండి గురించి ఒక మాట. సెనగ పండే సీమ నుంచి వెళ్లినవాళ్లకు అక్కడి కొసీదో కొత్తగా, కొంత తెలిసినట్టుగా ఉంటుంది. కాబూలీ సెనగలు, కూరగాయలు, మాంసం కలిపి ఉడికించే వంటకం అది. అందులో పంది మాంసం వేయడం మామూలే. తినకపోతే కుటుంబాన్ని కేటాయించే ఫారంలోనే రాయండి. ఉత్త ‘శాకాహారిని’ అని రాస్తే చాలదు. చేప, హామ్, గుడ్డు వీటిలో ఏది తింటారో, ఏది తినరో ఒక్కొక్కటిగా చెప్పండి. స్నానానికి వేడినీళ్లు ఎంతసేపు వాడొచ్చు, బట్టలు వారంలో ఏ రోజు ఉతుకుతారు అన్నది మొదటి రోజే అడిగేయండి. అలా అడిగితే వాళ్లేమీ అనుకోరు.

స్పానిష్ ఉచ్చారణలో తెలుగువాళ్లకు గొప్ప వెసులుబాటు ఉంది. ఆ, ఎ, ఇ, ఒ, ఉ అనే అయిదు అచ్చులూ మన నోటికి అలవాటైనవే. త, ద ధ్వనులు మన త, ద లాగే పళ్లకు తగులుతాయి. గట్టిగా పలికే రకారం ఇంగ్లిష్ వాళ్లను ఏడిపిస్తుంది, మనకు ఇట్టే వస్తుంది. ‘వచ్చాను’ అంటే ‘నేను’ అక్కర్లేనట్టే అక్కడా క్రియే కర్తను చెబుతుంది. కష్టపెట్టేది లింగభేదం. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. దానికి చాలాచోట్ల బట్టీ తప్పదు.

ఇంకో ప్రమాదం ఫోన్. స్పెయిన్ గడియారం మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం ఇంటి మనుషులు కబుర్లకు కూర్చునే వేళకే అమ్మ ఫోన్ వస్తుంది. పడుకునేముందు నాలుగు మాటలు మాట్లాడాలని ఆమెకు ఉండదా? అమ్మతో రోజూ మాట్లాడండి, కాకపోతే ఆ వేళను అక్కడి మధ్యాహ్నానికి మార్చుకోండి. నలుగురు తెలుగువాళ్లు కలిసి ఫ్లాట్ తీసుకుంటే అద్దె తగ్గుతుంది, అన్నం పప్పు దొరుకుతాయి. కానీ అక్కడ స్పానిష్ ముందుకు పోదు. కనీసం మొదటి మూడు నెలలైనా కుటుంబంతోనే ఉండండి.

కాగితాల విషయానికొస్తే, 90 రోజులు దాటిన చదువుకు స్టూడెంట్ వీసా కావాలి. ఆరు నెలలు మించి ఉండేవాళ్లు దిగిన నెలలోపు టీఐఈ అనే గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి. భాషా స్కూలుకు సెర్వాంటెస్ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టకముందే చూడండి. తిరిగొచ్చేముందు అక్కడే స్పానిష్ ప్రావీణ్యానికి పెట్టే డీఈఎల్ఈ పరీక్ష బీ2 స్థాయిలో రాయండి. చెవి, నోరు రెండూ అప్పుడే పదునుమీద ఉంటాయి. సియెలే అనే మరో పరీక్ష సర్టిఫికెట్ అయిదేళ్లే చెల్లుతుంది, డీఈఎల్ఈకి గడువు లేదు.