పోటీ పరీక్షల ప్రత్యేకం: మీథేన్‌ను తినే సముద్రగర్భ సూక్ష్మజీవులు

శ్రీకాకుళం, విజయనగరం తీరానికి ఒకవైపు మహానది, మరోవైపు కృష్ణా-గోదావరి బేసిన్లు ఉన్నాయి. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం ఈ రెండుచోట్లా సముద్రగర్భాన్ని తవ్వి మంచులాంటి ఘనంలో మీథేన్ చిక్కుకుని ఉండే మీథేన్ హైడ్రేట్లను గుర్తించింది. ఇంత మీథేన్ ఉన్నా నీటిలోకి కొద్దిగానే చేరడానికి ప్రధాన కారణం అడుగు బురదలో మీథేన్‌ను తినే ఆర్కియా అనే సూక్ష్మజీవులే. ఆక్సిజన్ లేనిచోట మీథేన్‌ను తినడం ఎలా సాధ్యమన్న సందేహం సహజం. సల్ఫేట్‌ను క్షయకరణం చేసే బ్యాక్టీరియాతో జతకట్టి ఇవి మీథేన్‌ను ఆక్సీకరిస్తాయి. బైకార్బనేట్, సల్ఫైడ్ ఏర్పడతాయి. ఈ జంటను 2000లో ఆంట్యే బోటియస్ బృందం చూపింది.

అయితే ఈ జీవులు ఉన్నాయి కాబట్టి మీథేన్ వల్ల భూతాపం పెరుగుతుందన్న భయం లేదనుకోవచ్చా? కూడదు. ఈ జీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి. వాయువు ఉధృతంగా ఎగదన్నే చోట కొంత తప్పించుకుంటుంది. కాబట్టి హైడ్రేట్లను ఇంధనంగా వెలికితీసే ముందు ఈ సహజ వడపోత భద్రతను తేల్చుకోవడం తప్పనిసరి.