పాత హార్డ్ డిస్క్ ఫోల్డర్ ‘పర్మిషన్ లేదు’ అంటోందా? ఇలా సరిచేయండి

సంక్రాంతికి ఊరెళ్లేసరికి (మాది గుంటూరు జిల్లా, ప్రత్తిపాడు దగ్గర) ఇంట్లో పాత డెస్క్‌టాప్ బోర్డు కాలిపోయి ఉంది. డిస్క్ మాత్రం బాగానే ఉంది. 2015 నుంచి మిర్చి లెక్కలన్నీ నాన్న అందులోనే ఎక్సెల్‌లో రాసుకున్నారు: ఎన్ని టిక్కీలు యార్డుకు వెళ్లాయి, ఎన్ని కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి, పెట్టుబడి ఎవరిదెంత. పండక్కి పెదనాన్నతో లెక్క తేల్చుకోవాలి. నేను డిస్క్‌ని సాటా టు యూఎస్‌బీ కేబుల్‌తో నా విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి తగిలించి ఫోల్డర్ తెరిస్తే, ‘పర్మిషన్ లేదు’ అని మెసేజ్.

ఎందుకంటే, ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో ప్రతి ఫైల్‌కీ ఓనర్ ఎవరో, ఎవరెవరు తెరవచ్చో రాసి ఉంటుంది. అయితే పేరుతో కాదు, ఎస్ఐడీ అనే పొడవాటి నంబర్‌తో. ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఆధార్ నంబర్‌తోనే కదా తేడా తెలిసేది! కొత్త ల్యాప్‌టాప్‌లో అదే పేరుతో యూజర్‌ని సృష్టించినా ఎస్ఐడీ వేరు. అందుకే సెక్యూరిటీ ట్యాబ్‌లో ‘అకౌంట్ అన్‌నోన్’ అని కనబడుతుంది.

ముందు ‘కంటిన్యూ’ నొక్కి చూడండి. చాలాసార్లు అంతటితో అయిపోతుంది, మీ అకౌంట్‌కి ఆ ఫోల్డర్ మీద శాశ్వతంగా పర్మిషన్ చేరిపోతుంది. మాకు పని చేయలేదు.

అప్పుడు ఫోల్డర్‌పై రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్. పైన ‘ఓనర్’ పక్కన ‘ఛేంజ్’ నొక్కండి. వచ్చే బాక్స్‌లో మళ్లీ అడ్వాన్స్‌డ్, ‘ఫైండ్ నౌ’ నొక్కి జాబితాలో మీ అకౌంట్ ఎంచుకోండి. వెనక్కి వచ్చాక ‘రీప్లేస్ ఓనర్ ఆన్ సబ్‌కంటైనర్స్ అండ్ ఆబ్జెక్ట్స్’కి టిక్ పెట్టి అప్లై చేయండి. టిక్ మరిచిపోతే పై ఫోల్డర్ ఒక్కటే మీదవుతుంది, లోపలివి పాత నంబర్ మీదే ఉండిపోతాయి. నేను మొదటిసారి అదే చేశాను.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఓనర్ అయినంత మాత్రాన ఫైల్ తెరుచుకోదు. కోల్డ్ స్టోరేజీ బాండ్ మీ పేరు మీదకి మారింది, నిజమే, కానీ గేటు దగ్గర టిక్కీలు వదలాలంటే ఆర్డర్ కూడా ఉండాలిగా! ఓనర్‌కి దక్కేది ఆ ఆర్డర్ రాసే హక్కు. కాబట్టి విండోలన్నీ మూసి, మళ్లీ అడ్వాన్స్‌డ్‌కి వచ్చి ‘యాడ్’, ‘సెలెక్ట్ ఎ ప్రిన్సిపల్’తో మీ అకౌంట్‌ని ఎంచుకుని ‘ఫుల్ కంట్రోల్’ ఇవ్వండి. కింద ఉండే ‘రీప్లేస్ ఆల్ చైల్డ్ ఆబ్జెక్ట్’ టిక్, లోపలి ఫైల్స్‌కి విడిగా ఇచ్చిన పాత పర్మిషన్లను తుడిచేసి ఇవే పెడుతుంది. సొంత ఫోటోలు, లెక్కల ఫోల్డర్‌కి ఫర్వాలేదు.

ఇదంతా మీ డేటా ఫోల్డర్ మీదే చేయండి. వాడుతున్న ల్యాప్‌టాప్ సీ డ్రైవ్ మీద, విండోస్ ఫోల్డర్ మీద చేయకండి బాబూ! అక్కడ చాలా ఫైల్స్‌కి ఓనర్ ‘ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్’, అది కావాలనే అలా పెట్టారు. దాన్ని మారిస్తే అప్‌డేట్లు ఆగిపోవచ్చు, రీఇన్‌స్టాల్ దాకా కూడా వెళ్లొచ్చు.

డిస్క్‌కి బిట్‌లాకర్ ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కావాలి. ఫైల్స్‌ని విండోస్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే పాత సర్టిఫికెట్ లేకుండా ఓనర్‌ని మార్చినా లాభం లేదు. డిస్క్ టిక్ టిక్ అంటుంటే పర్మిషన్ల జోలికే పోకండి, వెంటనే తీసేసి రికవరీ తెలిసినవాళ్లకి చూపించండి.

మా ఫోల్డర్‌కి పది నిమిషాలు పట్టింది. తెరుచుకోగానే అంతా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. నాన్న ముందు అడిగింది 2019 షీట్. పెదనాన్న చెప్పినదానికంటే అందులో పదిహేడు టిక్కీలు ఎక్కువున్నాయి. ఆ మాటలు ఇంకా నడుస్తున్నాయి.