మంచము పట్టిన పెద్దలకు పొడి పక్క

పంచాయతీ సమావేశములందు వీధిదీపములు, మురుగు కాలువలు, త్రాగునీటి గొట్టములు చర్చకు వచ్చును. ఇంటిలో నొక పెద్దమనిషి మూత్రము ఆపుకొనలేక పోవుట మాత్రము ఎన్నడును చర్చకు రాదు. ఇంటివారు చెప్పుకొనరు, ఇరుగుపొరుగువారు అడుగరు. ఆ పెద్ద మొదట పెండ్లిళ్ళకు పోవుట మానును, పిదప గుడికి పోవుట మానును, చివరకు దాహము వేసినను నీరు త్రాగుట మానును. ఈ విషయమున సభ్యులకు తెలిసియుండవలసినది కొంత కలదు.

హైదరాబాదులో పంజాగుట్ట యందు నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా మనమందరము ‘నిమ్స్’ అని పిలుచు ఆసుపత్రి కలదు. పక్షవాతముతోను, వెన్నెముక దెబ్బతోను జిల్లాల నుండి వచ్చు రోగుల కుటుంబములు చుట్టుప్రక్కల అమీరుపేట, కృష్ణానగరు వంటి పేటలలో బంధువుల యిండ్లలోనో అద్దె గదులలోనో దిగుచుందురు. సినిమా పనివారి పేటగా పేరొందిన కృష్ణానగరులో గదులు చిన్నవి; పక్కబట్టలు ఉతికి ఆరవేయుటకు చోటు తక్కువ. పల్లెటూరి కుటుంబము పెద్దల డైపరు కొనుట ఇట్టి చోటనే మొదటిసారి నేర్చును. ఊరికి తిరిగి వచ్చిన తరువాత ఖర్చు భారమగును. రాత్రికి ఒకటి చాలక పక్క తడియును. ఒకటి చాలనప్పుడు రెండు తొడుగుదమని తోచును. చిక్కు అక్కడనే కలదు.

డైపరు మూడు పొరలుగా నుండును. ఒంటికి తగులు పలుచని పొర తడిని లోనికి పంపును. నడుమ చెక్క గుజ్జు, దానిలో సోడియం పాలీఎక్రిలేటు అను పలుకులు ఉండును. వెలుపల ప్లాస్టిక్కు పొర. ఆ పలుకులు నీటిని పీల్చి ఉబ్బి జిగురగును. వ్యవసాయదారులకు ఇది కొత్త సంగతి కాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు మెట్ట పొలములలో తడి నిలుపుటకు రూపొందించిన పూసా హైడ్రోజెల్ ఈ జాతిదే. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు 1960 దశకములో ఇట్టి పదార్థములకై వెదకినదియు నేలలో తడి నిలుపుటకే. పొలము కొరకు పుట్టిన ఆలోచన మంచము వరకు వచ్చినది.

ఈ పలుకులు మంచినీటిని తమ బరువునకు కొన్ని వందల రెట్లు పీల్చగలవు. మూత్రములో ఉప్పు ఉండుటచే కొన్ని పదుల రెట్లు మాత్రమే పీల్చును. కావున కొళాయి నీరు పోసి డైపరు నాణ్యమును పరీక్షించువారు మోసపోవుదురు. పరీక్షింపదలచినచో లీటరు గోరువెచ్చని నీటిలో రెండు చిన్న చెంచాల ఉప్పు కలిపి, ఒక గ్లాసు చొప్పున పోసి చూడవలెను. రోగికి ఎంత పట్టు కావలెనో తెలిసికొనుటకు ఇంకను సులువైన మార్గము కలదు. పొడి డైపరును తూచి, తెల్లవారి తీసినదానిని మరల తూచవలెను. పెరిగిన ప్రతి గ్రామును ఒక మిల్లీలీటరుగా లెక్కించవచ్చును.

ఇక రెండు డైపర్ల సంగతి. లోపలిదాని వెనుక ప్లాస్టిక్కు ఉన్నది గదా! తడి దానిని దాటి బయటి డైపరును చేరదు. అంచుల వెంట కారి పక్కను తడుపును. డబ్బు రెట్టింపు, ఫలితము సున్న. కొందరు లోపలిదాని వెనుక కత్తెరతో గాట్లు పెట్టుదురు. గాట్ల వెంట జిగురు బయటికి వచ్చి ఒంటికి అంటుకొనవచ్చును గాన మేము దానిని మెచ్చము. డైపరు లోపల ప్లాస్టిక్కు లేని గుడ్డ పొరను ఉంచుటయే మేలు.

గుడ్డ ఏది? మన యిండ్లలో పసిపిల్లలకు వాడు పొత్తిగుడ్డయే. పలుమార్లు ఉతికిన నూలు చీరను గాని పంచెను గాని నాలుగైదు మడతలు పెట్టి, నడుమ టర్కీ తువాలు ముక్క నుంచి కుట్టవలెను. కొత్త గుడ్డకు గంజి ఉండును. మూడు నాలుగు ఉతుకులు పడనిదే అది తడి పీల్చదు. పాలిస్టరు కలిసిన చీరలు పనికిరావు. చేలో తీసిన పత్తిని నింపుట పొరపాటు. పచ్చి పత్తికి సహజమైన మైనపు పూత ఉండుటచే అది నీటిపై తేలును. మందుల దుకాణములోని దూది ఆ పూత పోగొట్టినది గనుక వెంటనే మునుగును. బట్టలను మెత్తబరచు ద్రవములు కూడ నూలుపై ఇట్టి పూతనే పూయును. సబ్బుతో ఉతికి, బాగుగా జాడించి, ఎండలో ఆరవేసిన చాలును.

గుడ్డ మడత డైపరు కన్న అన్ని వైపుల పొట్టిగా నుండవలెను. అంచు బయటికి వచ్చినచో దీపపు వత్తి నూనెను లాగినట్లు తడిని వెలుపలికి లాగును. పురుషులకు ముందు వైపునను, స్త్రీలకు నడుమను, వెల్లకిల పరుండువారికి వెనుకకును మందము ఎక్కువగా నుంచవలెను. తొడుగుటకు ముందు డైపరును పొడవునా సాగదీసి, తొడల వద్ద కుచ్చులు నిలబడునట్లు చూడవలెను. పౌడరు గాని మందమైన లేపనము గాని పూసినచో పై పొర రంధ్రములు పూడి తడి లోనికి పోదు. పక్కపై పాత చీరల బొంత, దాని క్రింద రబ్బరు షీటు వేసినచో పరుపు దక్కును.

పట్టు పెరిగినదని పూటల తరబడి మార్చకుండుట తగదు. తడిసిన గుడ్డ ఒంటిని అంటియుండిన చర్మము చెడును. మార్చిన ప్రతిసారి కడిగి, అద్ది తుడువవలెను. కదలలేనివారిని రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పనిదే పుండ్లు పడును. నీరు తగ్గించుట మరియొక అపాయము. మూత్రము చిక్కబడి చర్మమును మండించును. సాయంకాలము తరువాత టీ, కాఫీలు తగ్గించిన చాలును.

ఇది వయసుతో వచ్చినదని సరిపెట్టుకొనుట మాకు సమ్మతము కాదు. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి వాపు, స్త్రీలలో కాన్పుల వలన సడలిన కటి కండరములు, చక్కెర వ్యాధి, మూత్రమార్గపు చీము, తుదకు మలబద్ధకము కూడ కారణములు కావచ్చును. పెక్కింటికి చికిత్స కలదు. కటి కండరములను బిగించి వదలు వ్యాయామమును అమెరికా వైద్యుడు కీగెల్ 1948లోనే ప్రకటించెను. దానికి ఖర్చేమియు లేదు. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త ఈ ప్రశ్నను మెల్లగా అడుగునట్లు సభ్యులు చూడవచ్చును. కేరళము 2008లో ఉపశమన వైద్య విధానమును ప్రకటించి, మంచము పట్టినవారి గృహసంరక్షణను పంచాయతీల పనిలో చేర్చినది. అచ్చట నర్సు ఇంటికే వచ్చును.

వాడిన డైపర్ల పారవేత నేరుగా పంచాయతీ పనియే. 2016 నాటి ఘన వ్యర్థముల నియమములు వీటిని ఆరోగ్య సంబంధమైన చెత్తగా పేర్కొని, చుట్టి కట్టి పొడి చెత్త డబ్బాలో వేయవలెనని చెప్పినవి. మరుగుదొడ్డి గుంటలో వేసినచో ఉబ్బి పూడ్చివేయును. చెరువు గట్టున వేసినచో కుక్కలు లాగును. పెరటిలో కాల్చినచో ప్లాస్టిక్కు పొగ ఇల్లంతయు కమ్మును. లోనికి చుట్టి, దాని అంటు పట్టీలతోనే బిగించి, పాత వార్తాపత్రికలో పొట్లము కట్టి చెత్త ట్రాక్టరున కీయవలెను. ట్రాక్టరు మీద దానికొక వేరు డబ్బా నుంచి, పనివారికి చేతి తొడుగులు ఇయ్యవలెను. ఏ యింటి నుండి వచ్చినదో పనివారు బయట చెప్పకుండునట్లు సర్పంచి ముందుగనే మాట తీసికొనవలెను.