భీష్ముని తలగడ

ధనుర్మాసమున తెల్లవారుజామున వైష్ణవగృహములున్న వీథి యెట్లుండునో చదువరులకు చెప్పనక్కరలేదు. నాలుగు గంటలకే బావికడ చేదల చప్పుడు, వాకిళ్లలో కళ్లాపి, ముగ్గులు, ఆలయమునుండి ఘంటానాదము. గోదాదేవి అనుగ్రహించిన తిరుప్పావైలో పాశురములు 30. దినమునకొకటి చొప్పున అనుసంధించుట ఆచారము. వానిలో ఆరవది మొదలు పదునైదవది వరకు గల పది పాశురములును తలుపు తట్టి లోపలివారిని మేలుకొలుపునవి. వీనికి పూర్వాచార్యులు సెలవిచ్చిన అంతరార్థములు గంభీరములు. అవి అట్లుండ, పైకి కనబడు అర్థమును కూడ విడువరాదు. భగవత్సన్నిధికి బయలుదేరిన ఆ గోష్ఠి దారిలోని తలుపులను విచారించుకొనుచు సాగినది.

అట్టి వీథిలో ఒంటరిగా నివసించు ఒక వృద్ధురాలిని ఊహింతము. వయస్సు డెబ్బదియెనిమిది. భర్త పరమపదించి చాలకాలమైనది. కుమారుడు దూరదేశమున ఉద్యోగము. ఇల్లు మామగారి నాటి పెంకుటిల్లు. వసారా వాసములు చెదలు తినినవి. వానపడినచో మూడుచోట్ల గిన్నెలు పెట్టవలెను. పెరటిలో బావిగట్టు చుట్టును పాచి. ఒకనాటి వేకువ ఆ వాకిట ముగ్గు లేదు. పాలపొట్లము గడపమీద నట్లే యున్నది. గోష్ఠికి పోవుచున్న పొరుగింటి గృహస్థు స్నానముచేసి, ఊర్ధ్వపుండ్రములు ధరించి, మడిబట్టతో వచ్చుచు ఆ గడపకడ నిలిచినాడు. లోపలినుండి సన్నని మూలుగు. ఆమె రాత్రియెప్పుడో బావికడ జారిపడి, పెరటిగుమ్మము వరకు ప్రాకివచ్చి, తడిచీరతో అక్కడనే పడియున్నది. అవతల ఆలయమున గోష్ఠి ప్రారంభమగుచున్నది. ఆనాటి పాశురమును ముందుగా నెత్తుకొనవలసినవాడు ఆయనయే.

ఆయన క్షణకాలము తటపటాయించినాడనుకొన్నను నిందింపరాదు. నలువది సంవత్సరములుగా పాటించిన నియమము కాళ్లకు తెలియకుండనే అడ్డుపడును. అందువలన ఈ విషయమున సంప్రదాయమేమి చెప్పుచున్నదో ముందు తెలిసికొనవలెను.

యామునాచార్యుల శిష్యులలో మారనేరి నంబి యను భాగవతోత్తముడు ఉండెను. ఆయన జన్మచేత పంచముడు. గురువుగారిని బాధించుచున్న వ్రణమును తనకు ప్రసాదముగా నిమ్మని వేడి, స్వీకరించి, ఆ బాధను తాననుభవించెనని గురుపరంపరాగ్రంథములు చెప్పుచున్నవి. ఆయన మంచముపట్టిన కాలమున ఆహారము, ఔషధము చూచి శుశ్రూష చేసినవారు మహాపూర్ణులు. ఆయన శ్రీరంగమున సర్వమాన్యుడైన బ్రాహ్మణుడు, భగవద్రామానుజులకు పంచసంస్కారములు చేసిన ఆచార్యుడు. మారనేరి నంబి పరమపదించినపుడు అంత్యసంస్కారమును కూడ మహాపూర్ణులే చేసిరి. ఊరివారు తప్పుపట్టిరి. రామానుజులు కారణమడుగగా, శ్రీరాముడు జటాయువునకు చేసినదానికంటె తాను చేసినది ఎక్కువ కాదనియు, తాను శ్రీరామునికంటె అధికుడు కాననియు మహాపూర్ణులు బదులు చెప్పిరి. తనకు సందేహముండి కాదు, ఈ సమాధానము లోకమునకు తెలియవలెనని అడిగితినని రామానుజులు ఆనందించిరి.

ఈ కథను ఉపన్యాసములలో విని తలయూచువారు పలువురు. కాని పొరుగింటి పెరటిలో పడియున్నది రోగము, తడి, మలమూత్రముల వాసన. వానిని తాకుటకు ఈ కథ మనకు తోడురాకున్న వినినందువలన ప్రయోజనమేమి? మడి పోయిన మరల స్నానముచేయవచ్చును. చలినేలమీద గడచిన గంటను ఆ ముసలిదేహమునకు మరల తెచ్చియిచ్చువారు లేరు.

ఇక లోనికి పోయినవాడు మొదట చేయవలసినదేమి? జాలిగలవాడు వెంటనే చంకలక్రింద చేతులు వేసి లేవదీయును. అదియే పొరపాటు. లేపాక్షి క్షేత్రమునకు, రాముడు జటాయువును చూచి “లే, పక్షీ” యనుటవలన ఆ పేరు వచ్చినదని స్థలపురాణము. భక్తులకు ప్రియమైన మాటయే. కాని వాల్మీకి వర్ణించిన రాముడు జటాయువును లేవుమనలేదు. తానే నేలమీదకు వంగి కౌగిలించుకొని, చేతితో నిమిరి, ఏమి జరిగినదని అడిగెను. పడిన వృద్ధుల విషయమున వైద్యులు చెప్పునది కూడ దీనికి దగ్గరగానే యున్నది.

“మామ్మగారూ, ఎక్కడ నొప్పిగా నున్నది?” అని అడుగవలెను. “ఏమీ లేదు నాయనా, కొంచెము పట్టి లేపు, చాలును” అని ఆమె యనును. ఆ తరమువారు అట్లే యందురు. ఆ మాటను నమ్మక కాళ్లను పరిశీలింపవలెను. ఒక కాలు రెండవదానికంటె పొట్టిగా కనబడుచు, పాదము వెలుపలికి తిరిగియుండి, గజ్జలో నొప్పియని చెప్పినచో తుంటియెముక విరిగినదని అనుమానింపవలెను. లేపుట, నడిపించుట, కాలు లాగి సరిచేయుట, నూనెతో మర్దించుట కూడదు. ఉన్నచోటనే తల క్రింద మెత్తనిగుడ్డ నుంచి, తడిబట్టపైనైనను దుప్పటి కప్పి, 108కి ఫోను చేయవలెను. తుంటి విరిగినచో సాధారణముగ శస్త్రచికిత్స అవసరమగును. కావున కాఫీయని, పాలని నోటపోయరాదు. పెదవులు తడిపిన చాలును. కరెంటుతీగ ఏదైన తెగి తడినేలపై పడియున్నచో, ఆమెను ముట్టుకొనుటకు ముందే మెయిను స్విచ్చి కట్టివేయవలెను. ఒకరిని రక్షింపబోయి ఇద్దరు పడిపోవుట వింతకాదు.

తలకు దెబ్బ తగిలినదా యని తప్పక అడుగవలెను. రక్తము పలుచనగుటకు మాత్రలు వాడువారు పైకి బాగుగనే యున్నను ఆసుపత్రికి పోవలసినదే. వాంతి, మగత, పొంతనలేని మాట కనబడినచో ఆలస్యము పనికిరాదు. ఇంకొక విచారణ చాలమందికి తోచదు. జారి పడినదా, లేక తలతిరిగి పడినదా? మూతి వంకరపోవుట, చేయి పైకెత్తలేకపోవుట, మాట ముద్దగా వచ్చుట పక్షవాత లక్షణములు. ఆమె వాడు మాత్రలన్నిటిని, వైద్యుని చీటితో సహా ఒక సంచిలో వేసి వెంట పంపవలెను. ఆ సంచి వైద్యునికి చాల శ్రమ తగ్గించును.

పుత్తూరు కట్టు మన ప్రాంతమున ప్రసిద్ధము. దానిపై నమ్మకముగలవారు పెక్కుమంది. అయినను తుంటి సంగతి చేతిమణికట్టు సంగతివంటిది కాదు. శస్త్రచికిత్స అవసరమైనపుడు అది ఒకటి రెండు దినములలో జరుగుటయే మేలు. వృద్ధులు నెలలతరబడి మంచముపై కదలక పడియున్నచో ఊపిరితిత్తులలో జబ్బు, వీపున పుండ్లు, కాలినరములలో రక్తము గడ్డకట్టుట సంభవించును. విరిగిన యెముకకంటె ఈ మంచమే వారికి ఎక్కువ అపాయకరము.

ఆసుపత్రియనగానే ఆమె ససేమిరా యనవచ్చును. “నా యింటిలోనే పోనిండు” అనును. అప్పుడేమి చేయవలెను? భారతమున భీష్మపర్వమును ఇందుకు జాగ్రత్తగ చదువవలెను. శరశయ్యపై పడిన పితామహుని తల వ్రేలాడుచుండగా ఆయన తలగడ కావలెననెను. రాజులు పరుగెత్తి మెత్తని పట్టుతలగడలు తెచ్చిరి. ఆయన నవ్వి వానిని వలదనెను. అర్జునుని పిలిచెను. అర్జునుడు కన్నీటితో ఏమి చేయుదునని అడిగి, అనుజ్ఞ పొంది, మూడు బాణములతో తలను నిలిపెను. దాహమైనపుడును అట్లే జరిగెను. రాజులు భక్ష్యములు, చల్లని నీటికుండలు తెచ్చిరి. అర్జునుడు భూమిని భేదించి ఊటనీరు తెచ్చెను. తెచ్చినవారందరును ప్రేమతోనే తెచ్చిరి. కాని పడియున్నవానికి కావలసినదేమో గ్రహించినవాడు ఒక్కడే. పట్టుతలగడలు తెచ్చువారు నేటికిని కొదువలేదు. ఆమె వంటరాని మూలనుపడినదని తలచి, మడికట్టుకొని వండుకొను ఆమెకు హోటలు భోజనము తెచ్చియిచ్చుట, ఆమె ముట్టకున్న మొండిదని అలుగుట! ఆమె ఆచారమును అడిగి తెలిసికొని, పండ్లు, పాలు, ఆలయప్రసాదము తెచ్చిన సరిపోవును. లేదా ఆమె యంగీకరించినవారు ఆమె వంటింటనే వండిపెట్టవచ్చును.

దుర్యోధనుడు శస్త్రవైద్యులను కూడ తెచ్చెను గదా, భీష్ముడు వారిని సత్కరించి పంపివేసెను గదా యని ఒకరు ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని భీష్ముడు స్వచ్ఛందమరణము వరముగా గలవాడు; ఉత్తరాయణమునకై వేచియున్నవాడు. మామ్మగారికి ఆ వరము లేదు. ఆమె వద్దనుట వైరాగ్యముచేత కాదు, చాలవరకు భయముచేత. డబ్బెంతయగునో, తిరిగి యిల్లు చేరుదునో లేదో, తాళము తీసి ఎవరేమి పట్టుకొనిపోవుదురో యను భయము. ఆ భయముల నొక్కొక్కటిగా తీర్చినచో చాలమంది ఒప్పుకొందురు. ఆమె యెదుటనే, మరియొక పొరుగువారిని సాక్షిగా నిలిపి, తాళముచెవి తీసికొనవలెను. ఆమె డబ్బును, నగలను ఒంటరిగా ముట్టుకొనరాదు. కుమారునికి ఫోనుచేసి ఆమెచేతనే మాటలాడించవలెను. ఖర్చు విషయమున, 70 సంవత్సరములు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ కుటుంబమునకు ఏడాదికి 5 లక్షల రూపాయలవరకు చికిత్సనిచ్చు ఆయుష్మాన్ పథకము 2024 అక్టోబరులో వచ్చినది. ఆసుపత్రివారిని ముందుగనే అడుగవచ్చును.

ఆమె ఆసుపత్రిలో నున్న దినములే ఇంటిని చక్కబెట్టుటకు తగిన సమయము. అదియు ఆమెను అడిగియే. పెద్దవారి యింటిలో అనవసరమని మనకు తోచు ప్రతివస్తువు వెనుక ఒక జ్ఞాపకముండును, పారవేయుటకు మనమెవరము? బావికడ పాచిని సున్నము, బ్లీచింగుపొడి వేసి తోమి తీయవలెను. చెదలు తినిన వాసములను వడ్రంగికి చూపవలెను; బాగుచేయువరకు ఆ వసారాలో మంచము వేయరాదు. పాతకాలపు తీగలను మార్పించవలెను. మంచమునుండి స్నానాల గదివరకు చేతికి పట్టుదొరకునట్లు గోడకు ఇనుపకమ్మి, రాత్రియంతయు వెలుగు చిన్నదీపము, కూర్చుండి స్నానముచేయుటకు కదలని పీట, మడమకు పట్టుగల చెప్పులు, మంచముకడ అందునట్లు ఫోను. ఇవి కొద్దిపాటి ఖర్చుతో అగునవి. ఎత్తైన గడపను తీయుమని మాత్రము చెప్పవద్దు. పసుపు కుంకుమలు పెట్టిన గడప అది. దాని కిరుప్రక్కల ఏటవాలు చెక్క వేసిన చాలును.

బిడ్డలు పట్టించుకొనకున్న, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. ఆమె స్వయముగా దరఖాస్తు చేసికొనలేకున్న, ఆమె అధికారమిచ్చిన పొరుగువారు చేయవచ్చును. సంతానము లేనిచో, ఆస్తి పొందబోవు బంధువులపై ఆ బాధ్యత యుండును. వృద్ధుల సహాయమునకు 14567 నెంబరు కూడ కలదు. అయినను మొదట కుమారునితో మంచిగా మాటలాడి చూచుట మేలు. దూరముననున్న వానికి వసారా సంగతి నిజముగనే తెలియకపోవచ్చును. తల్లి ఫోనులో “అంతా బాగున్నది” అనియే చెప్పియుండును.

ఆమె యింటికి తిరిగివచ్చిన పిమ్మట మొదటి వారము అందరును వత్తురు. మూడవ వారమునుండి ఎవరును రారు. అసలు పని అప్పుడే మొదలగును. మంచముపైననున్న దినములలో రెండుగంటల కొకసారి ప్రక్కకు త్రిప్పువారు కావలెను. వైద్యుడు చెప్పినట్లు నడిపించువారు కావలెను. వీథిలోని నాలుగిళ్లవారు వంతులు వేసికొనిన ఎవరికిని భారము కాదు. ఏకాదశినాటి శ్రీవిష్ణుసహస్రనామ పారాయణమును ఆలయమండపమునకు బదులు ఆమె యరుగుపై జరుపవచ్చును. ఆ నామములను భీష్ముడు చెప్పినది శరశయ్యపైనుండియే గదా. ఆమె మంచమునకు వినబడునంత దగ్గరగా కూర్చుండి, కొంచెము నెమ్మదిగా చదువవలెను. కొంతసేపటికి లోపలినుండి ఆమె గొంతుకూడ కలియును.