రివాల్వర్ ఉంటే ఆపగలిగేవాడినా?

ప్రశ్న: మాది భూపాలపల్లి. మొన్న మా దుకాణం ఎదుటే ఒకరిపై కత్తితో దాడి జరిగింది. అందరం చూస్తూ నిలబడిపోయాం. లైసెన్సు రివాల్వర్ ఉంటే ఆపేవాడినేమో అనిపిస్తోంది. దరఖాస్తు పెట్టమంటారా?
– ఓ వ్యాపారి

జవాబు: ఆ బాధ అర్థమైంది గానీ, ఆపగలిగేవారని నేననుకోను. కత్తి దాడి క్షణాల్లో ముగుస్తుంది. మీరు సొరుగులోంచి తుపాకీ తీసేసరికి ఇద్దరూ పెనుగులాటలో ఉంటారు, చుట్టూ జనం. గుండు ఎవరికి తగులుతుందో చెప్పలేం. అప్పుడే వచ్చిన పోలీసుకు దుండగుడు మీరే అనిపించవచ్చు కూడా.

ఇతరుల ప్రాణం కాపాడే హక్కు భారతీయ న్యాయ సంహిత (34–44 సెక్షన్లు) ఇస్తోంది, అవసరానికి మించి గాయపరచనంత వరకే. పారిపోతున్నవాణ్ని కాలిస్తే కేసు మీ మీదే.

గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులపై పోరుకు నడిపిన సల్వాజుడుం చూశాం కదా. అరకొర శిక్షణతో గిరిజన యువకులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టులో జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి ధర్మాసనం 2011 జులై 5న తీర్పిచ్చింది. అది వేరే సందర్భమే, అయినా సరైన శిక్షణ లేని చేతిలో తుపాకీ ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఈసారి ముందు 112కు ఫోన్ చేయండి. దూరం నుంచే నలుగురూ కలిసి గట్టిగా కేకలేయండి, బాధితుడికి లోపలికి దారిచ్చి షటర్ దించండి. దుండగుడి బండి నంబరు గుర్తుపెట్టుకోండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, 108ని పిలవండి.

మీకే బెదిరింపులు వస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. పట్టించుకోకపోతే నేరుగా ఎస్పీని కలవండి. లైసెన్సు మాట ఆ తర్వాతే.