కందిపప్పు ఎక్కడ చవక? షీట్‌నే అడగండి

సరుకుల ధరలు ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో రాసుకునేవాళ్ల కోసం ఈ చిట్కాలు. ఎ కాలమ్‌లో కొట్టు పేరు, బిలో సరుకు, సిలో ధర, డిలో బరువు ఉన్నాయనుకుందాం. ఫార్ములాలు టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

1. ముందు కిలో ధర తేల్చండి. అరకిలో ప్యాకెట్ 85 రూపాయలు, కిలో ప్యాకెట్ 160 అనుకోండి. పైపైన చూస్తే 85 చవక. లెక్క కడితే అది కిలో 170 పడుతోంది! ఈ2 గడిలో =సి2/డి2 అని కొట్టి కిందికి లాగండి. బరువు కిలోల్లోనే వేయాలి, అరకిలోకి 0.5. ఈ పని చేయకుండా మిగతా చిట్కాలు పాటించి లాభం లేదు.

2. అన్నిటిలో తక్కువది కావాలంటే =మిన్(ఈ2:ఈ30).

3. జవాబు సున్నా వచ్చిందా? ఎక్కడో ధర రాయడం మరిచారన్నమాట. మిన్ ఖాళీ గడిని వదిలేస్తుంది కానీ, ఖాళీ ధరను బరువుతో భాగిస్తే కిలో ధర కాలమ్‌లో సున్నా పడుతుంది, దాన్ని మాత్రం వదలదు. బరువు మరిస్తే సున్నాతో భాగహారమై ఎర్రర్ వస్తుంది. ధర గడిలో “160 రూ.” అని రాసినా ఎర్రరే. అంకె ఒక్కటే వేయండి.

4. షీట్‌లో పప్పులు, నూనెలు కలిసి ఉంటే =మిన్‌ఇఫ్స్(ఈ2:ఈ30,బి2:బి30,"కందిపప్పు",ఈ2:ఈ30,">0"). సున్నాల బెడద కూడా దీంతోనే పోతుంది. ఒకచోట “కందిపప్పు”, ఇంకోచోట “కంది పప్పు” అని రాస్తే రెండోది లెక్కలోకి రాదు. ఎక్సెల్ 2019కి ముందు వెర్షన్లలో ఈ ఫార్ములా లేదు.

5. ధర తెలిసింది, కొట్టు పేరో? ఒకే సరుకున్న షీట్‌లో ఆ తక్కువ ధర జి1లో ఉంటే =ఇండెక్స్(ఎ2:ఎ30,మ్యాచ్(జి1,ఈ2:ఈ30,0)). చివరి 0 తప్పనిసరి. రెండు కొట్లలో ఒకే ధర ఉంటే పైనున్న పేరే చూపిస్తుంది.

6. చవక కొట్టు ఊరికి ఆ చివరన ఉంటే ఆటో చార్జీకే మిగులు చెల్లు. అందుకే =స్మాల్(ఈ2:ఈ30,2) అని రెండో తక్కువ ధర కూడా చూడండి. 2 బదులు 3 వేస్తే మూడోది. అతి తక్కువ ధర రెండుచోట్ల ఉంటే రెండోదిగా కూడా అదే వస్తుంది.

7. రంగుతో కనబడాలంటే ఎక్సెల్ కండిషనల్ ఫార్మాటింగ్‌లో ‘బాటమ్ 10’ ఎంచుకుని 10ని 3 చేయండి. గూగుల్ షీట్స్‌లో కస్టమ్ ఫార్ములాగా =ఈ2<=స్మాల్(ఈ$2:ఈ$30,3) ఇవ్వాలి. డాలర్ గుర్తులు మరిస్తే రంగులు తప్పు గడుల్లో పడతాయి.